పందొమ్మిది మొలకలు

పిల్లల సాలులో పెద్దవాళ్ళ చెయ్యి పడకూడదని సారక్క ముందే చెప్పింది. చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అందరికంటే ముందు తల ఊపింది కూడా నేనే. ఈ సంగతి మొదట్లోనే ఎందుకు రాస్తున్నానంటే, పాపం తెలియక చేసిందిలే అని ఎవరైనా నా మీద జాలిపడతారేమోనని. తెలిసే చేశాను.

మా ఊరు కదిరికి పన్నెండు కిలోమీటర్లు. ఊరి బయట పీరాసాబ్ తాతకు పట్టుపురుగులు పెంచిన షెడ్డు ఒకటి ఉంది. బోరు ఎండిపోయి మల్బరీ తోట పోయాక ఆ షెడ్డు నాలుగేళ్ళు ఊరికే పడి ఉండింది. దాన్ని ఊడ్చి, సున్నం కొట్టించి సారక్క బడి పెట్టింది. బడి అంటే బోర్డు లేదు, గంట లేదు, యూనిఫాం లేదు. తొమ్మిదిమంది పిల్లలు, అందరూ అయిదుకూ ఎనిమిదికీ మధ్య. మా కూలి ఆటో ఆరున్నరకు కదులుతుంది కాబట్టి బడి ఆరుకే తెరుస్తారు. పదిన్నరకు మూసేసి, పిల్లలు పీరాసాబ్ తాత ఇంటి వసారాలో తిని పడుకుని లేచాక, ఎండ తగ్గి నాలుగుకు మళ్ళీ తెరుస్తారు. టమోటా కోతలు ముమ్మరంగా ఉండి మేము చీకటి పడ్డాక వస్తే, అప్పటిదాకా సారక్క పిల్లలతోనే కూర్చుంటుంది. కదిరిలో ఒక కాన్వెంటులో పన్నెండేళ్ళు పాఠాలు చెప్పి, విసుగొచ్చి మానేసి వచ్చిన మనిషి ఆమె.

మా సునందకు ఏడేళ్ళు. అది కూడా ముందు ఒక కాన్వెంటుకు పోయిందే. టై, బూట్లు, పసుపు రంగు బస్సు అన్నీ అయ్యాయి. రెండో ఏడు సగానికి వచ్చేసరికి పిల్ల మాట్లాడడం మానేసింది. బస్సు హారను వినపడితే నిలుచున్నచోటే లంగా తడుపుకునేది. అప్పుడు తీసుకొచ్చి సారక్క దగ్గర వదిలాను. ఆరు నెలల్లో మాట వచ్చింది, నవ్వు వచ్చింది. నాకు మాత్రం దిగులు తీరలేదు. పుస్తకం పట్టుకుని గడగడా చదవదు, అప్పజెప్పదు. గుళ్ళు, పురుగులు, మబ్బులు గీస్తుంది, కింద తనకు తోచిన నాలుగు అక్షరాలు రాస్తుంది. నాది పిరికి పుట్టుక. ఫోన్ మోగితే ఎవరో పోయారనుకుంటాను. పాప నాలుగుసార్లు దగ్గితే ఆసుపత్రి మంచమే కళ్ళముందు ఆడుతుంది. ఇది చదువురాక నాలాగే ఆటోలో నిలబడి కూలికి పోతుందన్న బొమ్మ నాకు రోజూ కనిపించేది.

మా ఆయన జయరాముడు బోరు లారీ మీద పని. నెలలో ఇరవై రోజులు ఊళ్ళు పట్టుకుని తిరుగుతాడు. ఫోన్లో ఒకటే మాట.

"ఆ షెడ్డులో పిల్లకు ఏమొచ్చిందో నాకు కంటికి కనపడల్ల మహేశ్వరీ. దసరా దాకా చూస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే మళ్ళా బస్సెక్కించేదే."

బస్సు అనే మాట వింటేనే నాకు ఆ తడిసిన లంగాలు గుర్తొచ్చేవి. అట్లని ఆయన మాట తప్పని కూడా అనలేకపోయేదాన్ని.

జూలైలో ఒక గురువారం మంచి పదును వాన పడింది. శుక్రవారం పొద్దున సారక్క షెడ్డు పక్క నేలలో తొమ్మిది సాళ్ళు తీయించి, పిల్లకొక సాలు, సాలుకు పన్నెండు వేరుశెనగ విత్తనాలు లెక్కపెట్టి ఇచ్చింది. ఎంత లోతు పెట్టాలి, ఎంత ఎడం పెట్టాలి అన్నది పిల్లల ఇష్టం. ఎన్ని పెట్టారో, ఏరోజు ఎన్ని మొలిచాయో తమ పుస్తకంలో రాయాలి, అంతే. పెద్దవాళ్ళ చెయ్యి పడకూడదన్న మాట ఆరోజే అన్నది.

ఆ సాయంత్రం అన్నం తింటూ సునంద చెప్పింది, "నేను వేలంతా లోపలికి దూర్చి పెట్టినాను మా. పైన మన్ను ఉడుకు. కింద సల్లగుండాది."

"అయ్యో, అంత లోతుకు ఎవురైనా పెడతారామ్మీ? పైకి యాడొస్తాయి అవి?"

"వస్తాయిలే మా," అంటూ అది పప్పు కలుపుకుంది.

మరుసటి గురువారానికి సుహానా సాలులో మొలకలు కనిపించాయి. సుహానా పీరాసాబ్ తాత మనవరాలు, సునంద పక్క సాలు దానిదే. శుక్రవారానికి అందరివీ అక్కడక్కడ నేల పగిలి తల ఎత్తాయి. సునంద సాలు మాత్రం దువ్విన తలలాగా నున్నగా ఉంది. పొద్దున ఆటో కోసం నిలబడ్డప్పుడు చూశాను. తొమ్మిది సాళ్ళలో అదొక్కటే ఖాళీ. సునంద గొంతుక్కూర్చుని ఆ ఖాళీ సాలునే చూస్తూ, పుస్తకంలో సున్నా గీస్తోంది. దాని ముఖంలో దిగులేమీ లేదు. ఉన్న దిగులంతా నాదే. ఆదివారం ఆయన వస్తాడు. వచ్చి ఈ సాలు చూస్తాడు. మిగతా ఎనిమిదిమంది పిల్లలకు వచ్చింది నీ కూతురికి రాలేదు చూసినావా అంటాడు. నా ఆలోచన అంతవరకే పోయింది, అక్కడే ఆగింది.

శుక్రవారం రాత్రే ఇంట్లో ఉన్న విత్తనం గుప్పెడు తీసి తడి గుడ్డలో మూటకట్టాను. శనివారం కడుపునొప్పి అని చెప్పి కూలి మానేశాను. మిట్టమధ్యాహ్నం పిల్లలు వసారాలో నిద్రపోతున్నప్పుడు, సారక్క ఇంటికి పోయి ఉన్నప్పుడు, నానిన గింజలు కొంగులో పోసుకుని వెళ్ళాను. ముక్కు తెల్లగా పగిలినవి ఏరి పెట్టుకున్నాను. నాకు ఈ పని పన్నెండేళ్ళప్పటి నుంచి చేతిలో ఉన్నదే. మొలవని చోట ఒకే ఎడంతో గింజ గుచ్చుకుంటూ పోవడం కళ్ళు మూసుకుని చేస్తాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గోరు మునిగేంత లోతు, పైన చిటికెడు మన్ను. ఎన్ని పెట్టానో లెక్కపెట్టలేదు. కూలిలో ఎవరు లెక్కపెడతారు?

ఆదివారం ఆయన వచ్చాడు, స్నానం చేశాడు, కోడికూర తిన్నాడు, పడుకున్నాడు, సాయంత్రం లారీ వాళ్ళు ఫోన్ చేస్తే పోయాడు. సాలు దిక్కు చూడనే లేదు. ఎవరి కోసం ఆ పని చేశానో ఆ మనిషికి అది ఉన్నట్టే తెలియదు.

సోమవారం సాయంత్రం సునంద షెడ్డు దగ్గర నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను చుట్టుకుంది. "ఆరు మొలిచినాయి మా!" మంగళవారం పదమూడు అన్నది. ఇచ్చింది పన్నెండు కదా అన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. అంతవరకూ దాని గింజలు చచ్చిపోయాయనే అనుకున్నాను. లోతుగా ఉండి ఆలస్యమయ్యాయంతే. అవి బతికే ఉన్నాయి, నావీ బతికే ఉన్నాయి.

"సరిగ్గా చూసుకున్యావా?" అన్నాను.

"మూడుసార్లు చూసినాను," అంది. అది సంబరంగా లేదు. కనుబొమలు ముడిచి ఆలోచిస్తోంది.

బుధవారం నేను ఆటో దిగి వెళ్ళేసరికి పిల్లలంతా ఆ సాలు చుట్టూ కూర్చుని ఉన్నారు.

"పందొమ్మిది," అన్నాడు సారక్క కొడుకు జోయల్. వాడికి ఎనిమిదేళ్ళు, అందరికంటే పెద్ద.

"నేనిచ్చింది ఎన్ని?" అంది సారక్క.

"పన్నెండు!"

"మరి ఇదెట్లయింది? చెప్పండి సూద్దాం."

"ఎలక తెచ్చి పెట్టింటాది," అన్నాడు జోయల్.

"ఎలక తినడానికి వస్తాది గానీ ఇత్తడానికి వస్తాదా?" అంది సుహానా.

అందరికంటే చిన్నవాడు కేశవ ముక్కు తుడుచుకుని, "దేవుడు పెట్టినాడు," అన్నాడు.

"ఏ దేవుడు? మీ నరసింహసామా, మా అల్లానా, సారక్కోళ్ళ ఏసయ్యనా?"

"ఎవురికి పని లేకుంటే వాళ్ళు."

సారక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నేను కూడా నవ్వాను, నవ్వకపోతే తెలిసిపోతుందని. అప్పుడామె నా వైపు తిరిగింది. "నువ్వు చిన్నప్పట్నుంచీ సేద్యంలో ఉండావు కదా మహేశ్వరీ. ఇట్ల అవుతాదా ఎప్పుడన్నా?"

చెప్పడానికి అదే మంచి సమయం. తొమ్మిదిమంది పిల్లలు నోళ్ళు తెరుచుకుని నా జవాబు కోసం చూస్తున్నారు. నవ్వుతూ చెప్పేసి ఉంటే నవ్వుతోనే పోయేది.

"పోయినేడు రాలిన కాయలు నేలలో ఉండి మొలిచింటాయక్కా," అన్నాను.

సారక్క అది నల్లగా పూసిన గోడ మీద సుద్దముక్కతో రాసింది. 'పోయినేటి కాయలు – మహేశ్వరి అన్నది'. నా అబద్ధం నా పేరుతో సహా గోడకెక్కింది. నేను ఏడో తరగతి దాకా చదివాను, నా పేరు గోడ మీద ఎవరూ రాయలేదు అంతవరకు.

అది ఒక్కరోజు కూడా నిలబడలేదు. గురువారం పొద్దున పిల్లలు దండుగా వెళ్ళి పీరాసాబ్ తాతను అడిగారట. ఈ నేలలో ఇరవై ఏళ్ళుగా మల్బరీ తప్ప వేరే ఏదీ వేయలేదు, శెనగ గింజ పడిందే లేదు అన్నాడట తాత. సాయంత్రానికి గోడ మీద నా పేరు పక్కన పెద్ద ఇంటూ గుర్తు ఉంది. "సునందోళ్ళమ్మా, నువ్వు చెప్పింది తప్పు," అని కేశవ నన్ను ఓదార్చాడు.

శుక్రవారం సుహానా తన సాలు లెక్క చూసుకుంది. దానివి అయిదే మొలిచాయి.

"నాయి ఏడు లేవు. సునందవి ఏడు ఎక్కువ." దానికి కోపం లేదు, లెక్క చెప్పినట్టే చెప్పింది. కానీ చుట్టూ ఉన్న పిల్లలు ఆ ఏడునూ ఈ ఏడునూ కలిపేశారు. ఎవరో ఒకరు "తీసుకునింది" అన్నారు. ఇంకెవరో "పక్క సాలే కదా" అన్నారు. నా కూతురికి చదువు రాలేదని ఏడ్చానే నేను, ఆ బళ్ళో పిల్లలందరికీ లెక్కలు బాగానే వచ్చాయి. ఆ లెక్కతోనే దాన్ని దొంగను చేశారు.

శనివారం పొద్దున తల దువ్వుతుంటే సునంద అడిగింది.

"మా, నేను పన్నెండే పెట్టినాను. నువ్వు నమ్ముతావా?"

"నమ్ముతా."

"నిజంగా?"

"నిజంగానేలేమ్మీ. తల కదిలించొద్దు."

జడ గట్టిగా లాగి అల్లాను. అది అబ్బా అన్నది. నా ముఖం దానికి కనిపించకుండా వెనక కూర్చుని ఉన్నానని దేవుడికి దండం పెట్టుకున్నాను. తల్లిగా నేను చేసిన పనుల్లో ఇంతకంటే సిగ్గుమాలింది ఇంకోటి లేదు.

ఎందుకు చెప్పలేదని అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. సారక్క బడి నుంచి తీసేస్తుందేమో అనుకున్నాను. ఊరంతా తెలిసి, ఆయనకు తెలిసి, ఇదా నువ్వు పిల్లను పెంచేది అంటాడేమో అనుకున్నాను. కొన్ని రోజులైతే పిల్లలే మరిచిపోతారులే అని కూడా అనుకున్నాను. అన్నీ నా గురించే. పిల్ల గురించి ఒక్కటీ లేదు.

ఆ శనివారం సాయంత్రమూ, ఆదివారమూ సునంద ఇంట్లో చింతగింజలు పెట్టుకుని కూర్చుంది. పన్నెండు లెక్కపెట్టి వరసగా పెడుతుంది. వెనక్కి తిరిగి కళ్ళు మూసుకుని, మళ్ళీ తిరిగి లెక్కపెడుతుంది. పన్నెండే వస్తాయి. చెరిపేసి మళ్ళీ పెడుతుంది. ఎన్నిసార్లు పెట్టిందో. ఆదివారం సాయంత్రానికి గింజలన్నీ డబ్బాలో పోసేసి మూత పెట్టింది. నేను రొట్టెలు కాలుస్తూ, "ఎన్ని కావల్ల నీకు?" అన్నాను. మామూలుగా అయితే రెండున్నర అని కచ్చితంగా చెబుతుంది.

"ఏమో. నాకు తెలీదు."

సోమవారం సాయంత్రం సారక్క నన్ను పక్కకు పిలిచింది.

"సునంద ఈపొద్దు అందరి ముందర లేచి, సుహానా గింజలు తనే తీసి పెట్టుకున్యా అని చెప్పింది. నేను అడగలేదు. ఎవురూ అడగలేదు."

నేను సద్ది గిన్నె మూత బిగించుకున్నాను.

"ఎప్పుడు తీసినావు, ఎట్ల తీసినావు అంటే దానికి తెలీదు. 'తీసుకునింటా, మర్చిపోయింటా, లెక్క అట్లే వస్తాంది కదక్కా' అంటాంది. నాకెందుకో అది నిజం అనిపించలా. ఇంట్లో ఏమన్నా అనిందా?"

"ఏమీ అనలేదక్కా. పిల్లోళ్ళు కదా," అన్నాను. అని, పాపను తీసుకుని ఇంటికి వచ్చేశాను. అప్పుడు కూడా.

మంగళవారం పొద్దున ఆటోలో నూర్జాన్ నా ఎదురుగా నిలబడింది. సుహానా వాళ్ళమ్మ. పదేళ్ళుగా ఒకే ముఠాలో కూలికి పోతున్నాం. నోరు పెద్దది, మనసులో ఏదీ దాచుకోదు.

"ఏమ్మే మహేశ్వరీ, రాత్రంతా మా సుహానా ఒకటే ఏడుపు."

"గింజలు పోయినాయనా?"

"కాదు. సునంద అబద్ధం చెప్తాంది అమ్మీ, అది తీసుకోలేదు, అట్లాంటప్పుడు ఎందుకు చెప్పల్ల అని. తను చెప్పిన లెక్క వల్ల అది దొంగయ్యిందంట. అందుకని ఏడుపు."

ఆటో గతుకుల్లో ఊగింది. నేను పైన కడ్డీ గట్టిగా పట్టుకున్నాను.

"నిన్న సాయంత్రం నేను కూడా పోయి సూస్తి ఆ సాలును," అంది నూర్జాన్. ఇప్పుడు దాని గొంతు తగ్గింది. "పిల్లోళ్ళు పెట్టినవి ఒకటి ఈడ, ఒకటి ఆడ. వంకరటింకర. వాటి నడుమ కొన్ని మాత్రం ఒకే ఎడంలో, కొలిచినట్ల ఉండాయి. అది పిల్ల చెయ్యి కాదు. మన ముఠాలో చెయ్యి. నేను నీ పక్క సాలులో ఎన్నేండ్లు పనిచేసినాను మే? నీ చెయ్యి నాకు తెలీదా?"

నేను చెప్పబోయాను.

"నాకు చెప్పొద్దు," అంది. "నాకెందుకు చెప్తావు? నా గింజలా? పోయి ఆ పిల్లోళ్ళకు చెప్పు."

"అన్నా, ఆపన్నా," అన్నాను డ్రైవరుతో. ఊరు దాటి చాలా దూరం వచ్చేశాం. "ఏమక్కా, మళ్ళా కడుపునొప్పా?" అన్నాడు వాడు. ఆటోలో అందరూ నవ్వారు, నూర్జాన్ తప్ప. దిగి, సద్ది గిన్నె పట్టుకుని వెనక్కి నడిచాను. రెండు కిలోమీటర్ల దూరం. ఆ దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. బిడ్డ మీద ప్రేమతో, దాని బాధ చూడలేక, అని మొదలుపెడదామనుకున్నాను. షెడ్డు కనిపించేసరికి ఆ మాటలన్నీ పొట్టులాగా ఎగిరిపోయాయి. అవేవీ నిజం కాదు. దానికి బాధ లేదు ఆరోజు. అది సున్నా గీసుకుంటూ హాయిగా కూర్చుని ఉంది.

పిల్లలు గోనెసంచుల మీద కూర్చుని ఏదో పాడుతున్నారు. నన్ను చూసి ఆపారు. సారక్క లేవబోయింది.

"అక్కా, పిల్లోళ్ళకు ఒక మాట చెప్పల్ల," అన్నాను.

"చెప్పు. నిలబడి కాదు, వాళ్ళతోపాటు కూర్చుని చెప్పు."

కూర్చున్నాను. సునంద నా ముఖం వైపు చూసింది. నేను కేశవ వైపు చూస్తూ చెప్పాను, అందరిలోకీ వాడే చిన్నవాడు కాబట్టి.

"సునంద ఎవురి గింజలూ తీయలేదు. నేను పెట్టినాను. దాని సాలు మొలవలేదని, మీరంతా పనుకున్నప్పుడు వచ్చి నేను పెట్టినాను."

షెడ్డు రేకు మీద ఉడుత పరుగెత్తిన చప్పుడు.

"ఎన్ని పెట్టినావు అత్తా?" అన్నాడు జోయల్.

"లెక్కపెట్టలేదు నాయనా."

"లెక్కపెట్టకుండా ఎట్ల పెడతారు?"

"పొడి గింజలా, నానబెట్టినవా?" అంది సుహానా.

"నానబెట్టినవి."

"మాకు నానబెట్టనియ్యలేదు!" అన్నాడు కేశవ సారక్క వైపు తిరిగి, ఫిర్యాదుగా.

"పోయినేటి కాయలు అని చెప్తివి కదా. మేం తాత దగ్గరికి పోయి అడిగితిమి. అది కూడా అబద్ధమేనా?" మళ్ళీ జోయల్.

"అవును."

పోలీసులు అడిగినా అంత సూటిగా అడగరు. వాళ్ళకు నా మీద కోపం కూడా లేదు. వాళ్ళకు కావలసింది ఏం జరిగిందన్నదే. సారక్క నన్ను ఒక్క మాట అనలేదు, కాపాడనూ లేదు.

అందరూ అడగడం అయ్యాక సునంద నోరు తెరిచింది.

"ఏవి నాయి?"

నాకు అర్థం కాలేదు.

"ఆ పందొమ్మిదిలో నాయి ఏవి? నీయి ఏవి?"

బయటికి వెళ్ళి సాలు ముందర నిలబడ్డాం. పది రోజుల కిందట ఖాళీగా ఉన్న సాలు ఇప్పుడు పచ్చగా, అందరి సాళ్ళకంటే నిండుగా ఉంది. నూర్జాన్ ఎడం చూసి పట్టేసింది గానీ, దగ్గర నుంచి చూస్తే కొన్ని చోట్ల నాకే అనుమానం. ఆ వరసలో పడినవి ఒకటి రెండు దానివే కావచ్చు. నానబెట్టి పెట్టినవన్నీ మొలిచాయో లేదో కూడా నాకు తెలియదు. దానివి పన్నెండూ వచ్చాయా, ఎనిమిదే వచ్చాయా, ఎవరూ చెప్పలేరు. దాని సాలులో దానిది ఏదో తెలియకుండా చేసేశాను.

తెలుసుకునే దారి ఒకటి ఉంది. అది నాకు ఒక్కదానికే తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు, ఎందుకంటే దానివల్ల ఏమవుతుందో కూడా తెలుసు. సునంద నా ముఖమే చూస్తోంది.

"లోతుకు పెట్టిన గింజకు మన్నులో తెల్ల కాడ పొడుగుంటాది," అన్నాను. "నువ్వు వేలంతా దూర్చి పెట్టినావు. నేను పైపైన పెట్టినాను. నీవాటికి కాడ పొడుగు. నావాటికి పొట్టి."

"యాడుంటాది ఆ కాడ?"

"మన్ను లోపల. చూడల్లంటే పీకల్ల."

"పీకితే చచ్చిపోతాయి సునందా," అంది సారక్క. "మళ్ళా వాన పడలేదు. మళ్ళా ఇత్తడానికి పదును లేదు. ఈ యేటికి నీ సాలు అంతే. నీ ఇష్టం."

నేను లోపల్లోపల మొక్కుకున్నాను, వద్దు అంటుందని. ఉండనీలే, అన్నీ నావే అనుకుంటా అంటుందని. నేనైతే అట్లే అనేదాన్ని.

సునంద గొంతుక్కూర్చుని, పుల్లతో మొదటి మొలక చుట్టూ మన్ను వదులు చేసి, కాడ తెగకుండా నిదానంగా పైకి తీసింది. తెల్ల కాడ దాని వేలంత పొడుగుంది. దాన్ని కుడిపక్క పెట్టింది. రెండోది తీసింది. అది పొట్టి. ఎడమపక్క పెట్టింది. సుహానా వచ్చి దాని పక్కన కూర్చుని, తీసినవి తీసినట్టు సరిచేస్తూ పోయింది. నేను చెయ్యి వెయ్యబోయి ఆపుకున్నాను. చేతులు రెండూ కొంగులో చుట్టుకున్నాను.

చివరికి కుడిపక్క పదకొండు, ఎడమపక్క ఎనిమిది.

"నీయి ఎనిమిది," అంది సునంద నాతో. నేను లెక్కపెట్టుకోని లెక్క అది నాకు చెప్పింది.

"నీయి పదకొండు. ఒకటి తగ్గింది," అన్నాడు జోయల్.

సునంద సాలు వెంబడి పుల్లతో కెలుకుతూ పోయింది. ఈ చివర నుంచి ఆ చివరకు, జానా జానా. చివర దగ్గర ఆగి, మన్నులోకి వేలు దూర్చి ఒకటి తీసింది. ఉబ్బి, నల్లబడి, కుళ్ళిపోయిన గింజ. అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించింది.

"పన్నెండు," అంది.

ఆ మాట అన్నప్పుడు దాని ముఖం ఎట్లా వెలిగిందో నేను చెప్పలేను. కాన్వెంటు నుంచి తెచ్చాక అంత గట్టిగా అది మాట్లాడడం నేను వినలేదు. లోపలికి పరుగెత్తి పుస్తకం తెచ్చుకుంది. నేలమీదే పడుకుని రాసింది. నేను తొంగి చూడలేదు. చూసే అర్హత నాకు లేదనిపించింది. సుహానా మాత్రం గట్టిగా చదివింది. "నావి పన్నెండు. పదకొండు మొలిచినాయి. ఒకటి కుళ్ళింది. నేను తీసుకోలేదు."

"మరి నాయి ఏడు యాడ పోయినాయి?" అంది సుహానా, అప్పుడు గుర్తొచ్చినట్టు.

"నీ సాలు కూడా తవ్వుదాం పా," అన్నాడు కేశవ.

పీకిన మొలకలు రెండు కుప్పలూ అప్పటికే ఎండకు వాడిపోయి ఉన్నాయి.

ఆరోజు కూలికి పోలేదు. పదిన్నరకు సునందను ఇంటికి తీసుకుపోతానని సారక్కను అడిగాను. సరే అంది. వెంటనే, "మహేశ్వరీ, రేపు పొద్దున కూడా దాన్ని తీసుకురా. రానీకుండా ఉండొద్దు," అంది. నేను సిగ్గుతో మానేస్తానేమోనని ఆమె భయం. అప్పటికి నా మనసులో ఉన్నది సరిగ్గా అదే.

దారిలో సునంద నాకంటే నాలుగడుగులు ముందు నడిచింది. ఎండ మాడుస్తోంది. కొంగు కప్పుతానంటే వద్దంది. ఊరు దగ్గరపడ్డాక ఆగి, వెనక్కి తిరిగింది.

"మా, ఆపొద్దు తల దువ్వేటప్పుడు అడిగితిని కదా. నమ్ముతావా అని."

"అడిగితివి."

"నమ్ముతా అంటివి."

"అంటిని."

"అది నమ్మడం కాదు మా. నీకు తెలుసు."

నేను సద్ది గిన్నె ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. అది తిరిగి నడవడం మొదలుపెట్టింది, మళ్ళీ నాలుగడుగులు ముందు.